పని చేసే కుక్కకి ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఒళ్లు ఎలా నిలబెట్టాలి

పోలీసు జాగిలాలు, ఎన్డీఆర్ఎఫ్ వాళ్లతో శిథిలాల్లో వెతికే కుక్కలు, గోదాముల చుట్టూ రాత్రంతా తిరిగే కాపలా కుక్కలు, మంద వెంట రోజంతా నడిచేవి, ఇవన్నీ ఒక లెక్క. సోఫా కింద పడుకుని సాయంత్రం ఒక రౌండు వేసొచ్చే ఇంటి కుక్క ఇంకో లెక్క. ఈ రెండింటికీ ఒకే గిన్నె, ఒకే కొలత పెట్టడం వల్లే సగం సమస్యలు వస్తాయి. మరీ పని కుక్కల విషయంలో మనవాళ్లు రెండు వైపులా తప్పుతారు. "పాపం బాగా కష్టపడుతోంది" అని కుమ్మరించేవాళ్లు కొందరు, "కుక్కకి ఇంకేం కావాలి, పెరుగన్నం చాలు" అనేవాళ్లు కొందరు. ఇది ఆ మధ్య దారి గురించి రాసింది. కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి. ఒక కాగితం, ఫోన్‌లో కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

ముందు చేతులతో చూడండి

గిన్నె సంగతి తర్వాత. ముందు కుక్కని నిలబెట్టి రెండు అరచేతులూ పక్కటెముకల మీద పెట్టి, నొక్కకుండా మెల్లగా జరపండి. ఎముకలు ఒక్కొక్కటిగా తగలాలి, కానీ కంటికి కొట్టొచ్చినట్టు కనిపించకూడదు (పొట్టి వెంట్రుకలున్న మాలినాయిస్ లాంటి వాటికి చివరి ఒకటి రెండు కనిపించినా పర్లేదు). పైనుంచి చూస్తే పక్కటెముకల వెనక నడుము సన్నబడాలి, పక్కనుంచి చూస్తే పొట్ట వెనక్కి పోయేకొద్దీ పైకి ఎక్కాలి. పశువైద్యులు దీన్ని 1 నుంచి 9 దాకా మార్కులు వేసి చెప్తారు, 1 అంటే అస్థిపంజరం, 9 అంటే పీపా. పని కుక్క 4 లేదా 5 దగ్గర ఉండాలి. మన దగ్గర "బాగుంది, పుష్టిగా ఉంది" అని మెచ్చుకునే లాబ్రడార్లలో చాలా వాటికి నిజానికి 7 పడుతుంది. మొహమాటం లేకుండా మార్కు వేయండి, మీ కుక్క మీ మీద కోప్పడదు.

కొవ్వు వేరు, కండ వేరు. ఇది చాలామంది కలిపేస్తారు. వెన్నెముకకి రెండు వైపులా, భుజం పలకల మీద, తొడల మీద, తల పైభాగంలో చెయ్యి పెట్టి చూడండి. వెన్నుపూసలు మొనదేలి తగులుతూ పక్కన గుంటలు పడితే కండ కరుగుతోందని అర్థం. పొట్ట మీద కొవ్వు ఉండి వీపు మీద కండ లేని కుక్కలు కూడా ఉంటాయి, అన్నం ఎక్కువ, మాంసం తక్కువ తిని గొలుసుకి కట్టేసి ఉండేవి తరచుగా ఇలా తయారవుతాయి. వాటికి తిండి తగ్గిస్తే సరిపోదు, తిండిలో సరుకు మారాలి, పని కూడా పెరగాలి.

రెండు వారాలకోసారి బరువు తూచండి. కుక్క తూకం యంత్రం మీద నిలబడకపోతే, మీరు ఎత్తుకుని తూగి మీ బరువు తీసేయండి. ఎత్తలేనంత పెద్దదైతే ఎరువుల కొట్టులోనో ధాన్యం దగ్గరో ఉండే పలక కాటా చాలు. తేదీ, బరువు, పక్కటెముకల మార్కు, ఈ మూడూ ఒక పుస్తకంలో రాసిపెట్టుకుంటే తర్వాత చెప్పేవన్నీ తేలికవుతాయి.

ఎంత పెట్టాలో లెక్క

కుక్క బరువు కిలోల్లో ఎంతో ఆ అంకెని మూడుసార్లు వేసి ఒకదానితో ఒకటి గుణించండి, వచ్చిన దానికి వర్గమూలం రెండుసార్లు తీయండి, దాన్ని 70తో గుణించండి. కుక్క ఏ పనీ చేయకుండా పడుకుంటే ఒంట్లో యంత్రం నడవడానికి కావాల్సిన కేలరీలు అవి. 25 కిలోల మాలినాయిస్ తీసుకోండి. 25 × 25 × 25 అంటే 15,625. దాని వర్గమూలం 125. మళ్లీ తీస్తే 11.18. 70తో గుణిస్తే దాదాపు 783.

ఇప్పుడు ఆ రోజు పనిని బట్టి దాన్ని పెంచాలి. సెలవు రోజు, మామూలు నడక మాత్రమే అయితే 1.6 రెట్లు, అంటే 1,250 కేలరీలు. ఓ గంటా గంటన్నర శిక్షణ ఉన్న రోజు 2 రెట్లు, సుమారు 1,570. రోజంతా కొండల్లోనో శిథిలాల్లోనో విడతలు విడతలుగా వెతికిన రోజు 3 రెట్లు, 2,350 దాకా. దీనికి పై మెట్టు కూడా ఉంది. అలాస్కాలో మంచు బండ్లు లాగే కుక్కలు పోటీల్లో రోజుకి 10,000 కేలరీల దాకా ఖర్చు పెడతాయి. ఆ సంఖ్య చూసి మన కాపలా కుక్కకి రెండో గిన్నె పెట్టకండి. గేటు దగ్గర నిలబడి మొరగడం కష్టమైన పనే కావచ్చు కానీ కేలరీల లెక్కలో అది దాదాపు విశ్రాంతి కిందే వస్తుంది.

ఈ లెక్క ఆరంభం మాత్రమే. ఒకే బరువున్న రెండు కుక్కల మధ్య 20–30 శాతం తేడా మామూలే. మూడు వారాలు లెక్క ప్రకారం పెట్టి మళ్లీ పక్కటెముకలు తడమండి. సన్నబడితే 10 శాతం పెంచండి, ఒళ్లు చేస్తే 10 శాతం తగ్గించండి. శిక్షణలో ఇచ్చే ముక్కలు, బిస్కెట్లు, పక్కింటి పిల్లలు వేసే ఇడ్లీ ముక్క, అన్నీ ఈ లెక్కలోవే. అవి మొత్తం మీద పదో వంతు దాటకూడదు.

లాబ్రడార్ ఉన్నవాళ్లకి ఒక మాట. అది ఎప్పుడూ ఆకలిగా చూస్తుంది, దానికి కారణం మీరు తక్కువ పెట్టడం కాకపోవచ్చు. 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు ఈ జాతిలో సుమారు నాలుగో వంతు కుక్కల్లో పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లోపించి ఉంటుందని చూపించారు. అది ఉన్న కుక్కకి తిన్న తృప్తి సరిగ్గా తెలియదు. వింత ఏమిటంటే సహాయక కుక్కలుగా ఎంపికైన లాబ్రడార్లలో ఈ లోపం ఇంకా చాలా ఎక్కువ, బహుశా తిండి కోసం ఏదైనా నేర్చుకుంటాయి కాబట్టే. అంటే బాగా నేర్చుకునే కుక్కే బాగా లావయ్యే కుక్క కూడా. దాని కళ్లు చూసి కొలత మార్చకండి.

సంచి వెనకాల ఏముందో చదవండి

మన ఊళ్లలో ఏ కంపెనీ డ్రై ఫుడ్ అయినా "పెడిగ్రీ" అనే పిలుస్తారు, అందుకే కొట్టులో అడిగితే ఏదో ఒకటి చేతిలో పెడతారు. సంచి తిప్పి చూడండి. ప్రోటీన్, కొవ్వు, పీచు, తేమ శాతాలు ఉంటాయి. ఎదిగిన కుక్కకి అమెరికా ప్రమాణాల్లో కనీసం ప్రోటీన్ 18 శాతం, కొవ్వు 5.5 శాతం. అది బతకడానికి. రోజూ పని చేసే కుక్కకి ప్రోటీన్ 26–30, కొవ్వు 15–20 మధ్య ఉన్నది వెతకండి.

కొవ్వుకి ఎందుకంత ప్రాధాన్యం అంటే, కుక్క శరీరం మనలా కాదు. పరుగు పందెంలో మనిషి అన్నం, పిండి పదార్థాల మీద ఆధారపడతాడు, కుక్క ఎక్కువసేపు తిరిగే పనిని ప్రధానంగా కొవ్వు కాల్చుకుని చేస్తుంది. గంటల తరబడి వాసన పట్టే కుక్కకీ, మందతో నడిచే కుక్కకీ కొవ్వే పెట్రోలు. కొద్ది సెకన్లు దూసుకెళ్లి పట్టుకునే కుక్కకి మాత్రం పిండి పదార్థాలు కూడా కాస్త ఎక్కువ కావాలి. అలాగని ఇవాళ్టి నుంచి గిన్నెలో నెయ్యి పోయకండి. కొవ్వు ఒక్కసారిగా పెరిగితే విరేచనాలు, అంతకంటే ప్రమాదంగా క్లోమం వాపు వస్తాయి. ఏ తిండి మార్పు అయినా 7–10 రోజులు పాతది తగ్గిస్తూ కొత్తది పెంచుతూ చేయాలి, కొవ్వు ఎక్కువున్న తిండికి ఒళ్లు పూర్తిగా అలవాటు పడటానికి వారాలు పడుతుంది. పని సీజన్ మొదలయ్యే ముందే మార్చుకోండి.

సంచి మీద కేలరీలు రాయకపోతే మీరే కట్టుకోవచ్చు. ప్రోటీన్ శాతాన్ని 3.5తో, కొవ్వుని 8.5తో, పిండి పదార్థాన్ని 3.5తో గుణించి కలపండి. పిండి పదార్థం సంచి మీద ఉండదు. 100లోంచి ప్రోటీన్, కొవ్వు, తేమ, పీచు, బూడిద (యాష్, అంటే ఖనిజాలు) తీసేస్తే మిగిలేదే అది (బూడిద రాయకపోతే 7 అనుకోండి). ప్రోటీన్ 26, కొవ్వు 16, తేమ 10, పీచు 3 అయితే పిండి పదార్థం 38. మొత్తం 100 గ్రాములకి 360 కేలరీలు. మన 25 కిలోల కుక్కకి సెలవు రోజు సుమారు 350 గ్రాములు, శిక్షణ రోజు 435, భారీ పని రోజు 650. గ్లాసుతో కాకుండా వంటింటి తూకంతో కొలవండి, గ్లాసు నింపే చేతిని బట్టి కొలత మారిపోతుంది.

ఇంట్లో వండి పెట్టేవాళ్లకి

పెరుగన్నం సంగతి తేల్చేద్దాం. అర కిలో అన్నం, పావు కిలో పెరుగు కలిపితే సుమారు 800 కేలరీలు, 23 గ్రాముల ప్రోటీన్. అంటే 1,000 కేలరీలకి 29 గ్రాములు. మామూలు ఎదిగిన కుక్కకే అమెరికా ప్రమాణం 45, పని కుక్కకి 70 దగ్గర ఉండాలి. ఎండాకాలం మధ్యాహ్నం ఒక గరిటె పెరుగన్నం పెడితే తప్పేం లేదు, దాని మీదే కుక్కని నడిపితే మాత్రం కండ నిలవదు. రాగి సంకటి, జొన్న రొట్టె కూడా ఇంతే, శక్తి ఇస్తాయి, అవి ఒక్కటే సరిపోవు.

అదే 25 కిలోల కుక్కకి సెలవు రోజు గిన్నె ఇలా ఉండొచ్చు. ఎముక లేని చికెన్ ఉడికించాక 350 గ్రాములు, అన్నం 300 గ్రాములు, ఒక గుడ్డు, ఉడికిన కార్జం 40 గ్రాములు, గుమ్మడికాయో క్యారెట్టో 100 గ్రాములు, ఒక టీస్పూన్ నూనె. సుమారు 1,230 కేలరీలు, ప్రోటీన్ 110 గ్రాములు దాటుతుంది. శిక్షణ రోజు మాంసం, నూనె పెంచండి, అన్నం కొంచెం మాత్రమే. ఉప్పు చిటికెడు చాలు. కారం, మసాలా, ఉల్లి, వెల్లుల్లి వద్దు.

ఇంటి వంటలో అందరూ మర్చిపోయేది కాల్షియం. మాంసంలో భాస్వరం దండిగా ఉంటుంది, కాల్షియం దాదాపు ఉండదు. నెలల తరబడి అలా పెడితే శరీరం ఎముకల్లోంచి లాక్కుంటుంది. పై గిన్నెకి 4 గ్రాముల గుడ్డు పెంకు పొడి, అంటే ముప్పావు టీస్పూన్, సరిపోతుంది. పెంకులు కడిగి, ఉడికించి, ఆరబెట్టి, మిక్సీలో మెత్తటి పొడి చేసి సీసాలో పోసుకోండి. కార్జం మంచిదని రోజూ పావు కిలో పెట్టేవాళ్లున్నారు, అది కూడా వద్దు, విటమిన్ ఎ ఎక్కువై అదో జబ్బు. ఇంకా జింకు, అయోడిన్, విటమిన్ ఇ, డి ఈ గిన్నెలో తక్కువే ఉంటాయి, కుక్కల కోసం అమ్మే విటమిన్–ఖనిజాల పొడి ఏది, ఎంత అన్నది మీ పశువైద్యుడితో మాట్లాడి కలపండి. అది కలపకుండా ఏళ్ల తరబడి ఇంటి వంట నడపాలనుకుంటే డ్రై ఫుడ్‌కి మారడమే మేలు, లేదా సగం సగం. ఎదిగే పిల్లకి, ముఖ్యంగా పెద్ద జాతుల పిల్లకి, ఈ పెంకు పొడి లెక్క వర్తించదు. అదనపు కాల్షియం దాని ఎముకల్ని పాడు చేస్తుంది.

ఉడికిన ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి, బిర్యానీ ఎముకలు అస్సలు వద్దు. ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్, పంచదార లేని చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ విషాలు. కాలు కుంటుతోందని కాంబిఫ్లామ్, డైక్లోఫెనాక్ లాంటి మనుషుల నొప్పి మాత్రలు వేయకండి, కడుపులో పుండ్లు, కిడ్నీ దెబ్బ ఖాయం అనుకోండి.

ఎప్పుడు పెట్టాలి

ఎంత పెట్టాలన్న దానికంటే దీని దగ్గరే ఎక్కువ ప్రాణాలు పోతాయి. నిండు కడుపుతో కుక్కని పరిగెత్తించకూడదు. జర్మన్ షెపర్డ్, డాబర్మాన్, గ్రేట్ డేన్ లాంటి లోతు ఛాతీ కుక్కల్లో కడుపు గాలితో ఉబ్బి మెలిక పడిపోతుంది. రోజుకి ఒక్కసారే పెద్ద గిన్నె, గబగబా మింగడం, వయసు, అదే ఇంటి కుక్కల్లో ఇంతకుముందు వచ్చి ఉండటం, ఇవన్నీ ముప్పు పెంచుతాయి. కుక్క వాంతి చేసుకోబోయినట్టు ఓకరిస్తూ ఏమీ బయటికి రాకపోవడం, పొట్ట డప్పులా బిగుసుకోవడం, నిలకడ లేకుండా తిరగడం, చొంగ కారడం కనిపిస్తే పొద్దున్న చూద్దాం అనుకోకండి. వాము నీళ్లు, ఈనో తాగించకండి. ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి ఆ క్షణమే బయల్దేరాలి, గంటల్లో చనిపోతుంది. మీ ఊరికి దగ్గర్లో రాత్రిపూట కుక్కకి ఆపరేషన్ చేసే చోటు ఏదో ఇవాళే కనుక్కుని నంబరు ఫోన్‌లో పెట్టుకోండి.

మామూలు దినచర్య ఇలా. ప్రధాన భోజనం పని అయ్యాక, కుక్క ఆయాసం పూర్తిగా తగ్గి, ఒళ్లు చల్లబడ్డాక, అంటే కనీసం అరగంట, వేసవిలో గంట తర్వాత. పొద్దున్న పని ఉంటే ముందు రోజు సాయంత్రమే బాగా పెట్టి, పొద్దున్న ఖాళీ కడుపుతో లేదా పనికి నాలుగు గంటల ముందు, ఆ రోజు మొత్తం తిండిలో పావు వంతు మాత్రమే. రోజుకి రెండు పూటలు తక్కువ కాకుండా పంచండి. రోజంతా సాగే వెతుకులాటలో విడతల మధ్య విశ్రాంతిలో రెండు మూడు గుక్కల్లో అయిపోయే చిన్న ముద్దలు పెట్టొచ్చు. మింగేసే కుక్కకి గిన్నె మధ్యలో ఒక పెద్ద నున్నటి రాయి పెడితే దాని చుట్టూ ఏరుకుని మెల్లగా తింటుంది (నోట్లో పట్టనంత పెద్ద రాయి).

నీళ్లు

నీడలో పడుకున్న కుక్కకే కిలోకి 50–60 మిల్లీలీటర్లు, అంటే 25 కిలోలకి లీటరున్నర వరకూ కావాలి. ఎండలో పని చేస్తే రెండు మూడింతలు. పనిలో మునిగిన కుక్క దాహం వేసినా తాగదు, అదే ఇబ్బంది. 15–20 నిమిషాలకోసారి ఆపి కొంచెం కొంచెం పట్టండి. తాగకపోతే ఉల్లి, ఉప్పు లేకుండా చికెన్ ఉడికించిన నీళ్లు కొద్దిగా కలపండి, వద్దనే కుక్క దాదాపు ఉండదు. మనలా ఒళ్లంతా చెమట పట్టదు కాబట్టి కుక్కకి ఉప్పు అంతగా పోదు, ప్రతి విరామంలో ఓఆర్ఎస్ ప్యాకెట్ చించక్కర్లేదు. చిగుళ్ల మీద వేలు పెట్టండి, తడిగా జారాలి. జిగటగా అంటుకుంటే అప్పటికే నీళ్లు తగ్గాయి.

ఎండ, మనకి అసలు హద్దు ఇదే

పాశ్చాత్య దేశాల్లో రాసిన సలహాల్లో చలికి ఎక్కువ చోటు ఉంటుంది. రామగుండంలో, రెంటచింతలలో మే నెల తెలిసినవాళ్లకి ఆ పుస్తకం సగమే పనికొస్తుంది. ఇక్కడ కుక్క ఎంత పని చేయగలదన్నది కాళ్ల బలం కంటే ఒంట్లో వేడి తేలుస్తుంది. ఇంకో సంగతి, నోరు తెరిచి రొప్పే కుక్క ముక్కుతో సరిగ్గా వాసన పట్టలేదు. ఒకే సమయంలో రెండూ బాగా చేయలేదు. అంటే వేడెక్కిన వెతుకులాట కుక్క కుప్పకూలక ముందే పనికి రాకుండా పోతుంది, అది "ఇక్కడ ఏమీ లేదు" అని చెప్పిన మాటని కూడా నమ్మలేం.

మామూలు ఒంటి వేడి 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. గట్టిగా పని చేసిన కుక్కకి కాసేపు 41 దాటినా, అలవాటు పడిన కుక్క విశ్రాంతిస్తే దించేసుకుంటుంది. అందుకే ఒక్క అంకె చూసి కాకుండా కుక్కని చూడండి. నాలుక వెడల్పై చివర పారలా చదునుగా వేలాడటం, కళ్లు చికిలించడం, చెవులు వెనక్కి లాక్కోవడం, నీడ కోసం పక్కకి తీయడం, ఇవి ఆపమని చెప్పే గుర్తులు. చిగుళ్లు ఇటుక ఎరుపు, తూలడం, పిలిస్తే పట్టించుకోకపోవడం, వాంతి, నెత్తుటి విరేచనం, ఇవి వడదెబ్బ.

వడదెబ్బకి ముందు చల్లబరచండి, తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆటో ఎక్కించి పరిగెత్తే ఆ ఇరవై నిమిషాల్లోనే మెదడు, పేగులు ఉడికిపోతాయి. బకెట్లతో, పైపుతో, దొరికిన నీళ్లు ఒళ్లంతా పోయండి. పొట్ట, తొడల లోపలి వైపు, మెడ తడవాలి, ఫ్యాన్ వేయండి, గాలి ఆడాలి. తొట్టి ఉంటే తల పైకి పట్టుకుని దించండి. చల్లటి నీళ్లు పోస్తే షాక్ అవుతుందని పాత మాట ఒకటి తిరుగుతూ ఉంటుంది, నీళ్లు చల్లగా ఉన్నాయని ఆగకండి. తడి గోనె కప్పి వదిలేయడం మాత్రం వద్దు, కాసేపటికి అదే వేడి పట్టి ఉంచుతుంది. మలద్వారంలో పెట్టిన థర్మామీటరు 39.5కి వచ్చాక ఆపండి, లేకపోతే మరీ కిందకి పడిపోతుంది. తేరుకున్నట్టు కనిపించినా డాక్టరుకి చూపించాల్సిందే, కిడ్నీలు, రక్తం గడ్డకట్టే పద్ధతి మర్నాడు దెబ్బతిన్న సందర్భాలు ఉంటాయి.

ఇది వడదెబ్బ దాకా రాకుండా ఒక మంచి అలవాటు ఉంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని పని కుక్కల కేంద్రం వాళ్లు 2024లో ప్రచురించిన పరిశోధనలో, పరిగెత్తి వేడెక్కిన కుక్క తనంతట తాను నీళ్ల బకెట్‌లో తల ముంచితే, మెడకి ఐస్ కట్టడం, చంకల్లో తడి తువాలు పెట్టడం లాంటి వాటికంటే త్వరగా చల్లబడుతుందని తేలింది. నేర్పడం కష్టం కాదు. వెడల్పాటి టబ్బులో రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి దానికిష్టమైన బంతి అడుగున వేయండి, తీసుకున్నప్పుడల్లా మెచ్చుకోండి, రోజురోజుకీ లోతు పెంచండి. బలవంతంగా తల ముంచకండి, మూర్ఛలో ఉన్న కుక్కకి ఇది అస్సలు కాదు. స్పృహలో ఉండి, ఆయాసంతో ఉన్న కుక్కకి విరామంలో చేయించే పని ఇది.

ఏసీ గదిలో ఉంచి ఒక్కసారిగా ఎండలోకి తీస్తే ఏ కుక్కయినా పడిపోతుంది. వేడికి అలవాటు పడటానికి కనీసం రెండు వారాలు పడుతుంది. పొద్దున్నే 15 నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. ఉక్కపోత ఉంటే, అంటే విశాఖ, కాకినాడ వైపు, ఉష్ణోగ్రత తక్కువ చూపించినా జాగ్రత్త, గాలిలో తేమ ఉంటే రొప్పినా చల్లబడదు. రోడ్డు మీద అరచేయి వెనక భాగం ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. మీరు ఉంచలేకపోతే దాని పాదాలూ ఉంచలేవు. లావుగా ఉన్న కుక్కకి ఇవన్నీ రెట్టింపు ముప్పు, పక్కటెముకల గొడవ ఇక్కడికే వచ్చి చేరుతుంది.

కసరత్తు

పనే కసరత్తు అనుకోవడం పొరపాటు. వారం మొత్తం కెనెల్‌లో కూర్చుని ఆదివారం శిథిలాల మీద దూకే కుక్కకి భుజాలు, మోకాలి స్నాయువులు (లిగమెంట్లు) దెబ్బతింటాయి. మొదలుపెట్టే ముందు 5–10 నిమిషాలు పట్టీతో నడిపి, మెల్లగా దుడుకు నడకలోకి (నడకకీ పరుగుకీ మధ్య వేగం) తేవాలి, ఆగిపోయే ముందు కూడా అంతే. ఊపిరి, గుండె బలానికి వారంలో మూడు నాలుగు రోజులు దుడుకు నడక మంచిది, పరుగు కాదు, గెంతు కాదు. మట్టి బాట అయితే ఇంకా మంచిది. చెరువు గట్టు ఎక్కించి దించడం వెనక కాళ్లకి బాగా పని చేస్తుంది. ఇటుకల మీద వెదురు కర్రలు మోకాలి కన్నా కింద ఎత్తులో వరుసగా పెట్టి నెమ్మదిగా దాటించండి, కాలు ఎక్కడ వేస్తున్నానన్నది దానికి తెలుస్తుంది. శిథిలాల మీద తిరిగే కుక్కకి ఇంతకు మించిన పాఠం లేదు. వెనక్కి నడవడం, కూర్చుని లేవడం పదేసి సార్లు చేయించండి. వారానికి పది శాతం కన్నా ఎక్కువ పెంచకండి, ఒక రోజు పూర్తిగా సెలవు. ఏడాది నిండని పెద్ద జాతి పిల్లతో ఎత్తు గోడలు దూకించకండి.

పాదాలు, గోమార్లు, టీకాలు

పని నుంచి రాగానే కాళ్లు కడిగి వేళ్ల మధ్య చూడండి. పల్లేరుకాయలు, తుమ్మ ముళ్లు, ఉత్తరేణి కంకులు అక్కడే దాక్కుంటాయి. చెవి లోపల కూడా చూడండి. గోళ్లు నేల మీద టక్ టక్ మంటే పెరిగినట్టే.

గోమార్లని (పిడుదులు) చిన్న విషయంగా తీసుకోకండి. ఎర్లీకియా, బబీసియా అనే రక్తపు జబ్బులు రెండూ వీటి వల్లే వస్తాయి, మన దగ్గర చాలా ఎక్కువ. కుక్క బాగానే తింటూ కండ తగ్గిపోతోంది, త్వరగా అలసిపోతోంది, చిగుళ్లు పాలిపోయాయి, ముక్కులోంచి రక్తం వస్తోంది అంటే తిండి పెంచే ముందు రక్త పరీక్ష చేయించండి. ఇప్పుడు నెలకొకటి, కొన్ని మూడు నెలలకొకటి వేసే నమిలే మాత్రలు ఉన్నాయి, మూర్ఛలు వచ్చే కుక్క అయితే వేసేముందు డాక్టరుకి ఆ సంగతి చెప్పండి. పశువులకి వేసే ఐవర్మెక్టిన్ ఇంజెక్షన్ కొంచెం కుక్కకీ వేసేయడం పల్లెల్లో మామూలైపోయింది. కొలీ లాంటి మంద కాసే జాతుల్లో, కొన్ని జర్మన్ షెపర్డ్‌లలో కూడా, జన్యు లోపం వల్ల అది మెదడుకెక్కి చంపేస్తుంది.

నట్టల మందు మూడు నెలలకోసారి. రేబిస్ టీకా ఏటా. వరద నీళ్లలో దిగే కుక్కకి లెప్టోస్పైరోసిస్ టీకా తప్పనిసరి, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ వీధుల్లో నిలిచిన లాంటి నీళ్లలో ఎలుకల మూత్రం ద్వారా ఇదే పాకుతుంది, కుక్క నుంచి మనిషికీ వస్తుంది. మొదటిసారి రెండు డోసులు నెల తేడాతో వేయించాలి కాబట్టి వరద వచ్చాక పరిగెత్తితే లాభం లేదు, వానాకాలం ముందే అయిపోవాలి. బురదలోంచి వచ్చిన కుక్కని నాకనివ్వకుండా వెంటనే సబ్బుతో కడిగి, కళ్లు సెలైన్‌తో కడగండి.

వేరే ఊరికి పంపినప్పుడు

2023 ఫిబ్రవరిలో తుర్కియే భూకంపానికి ఎన్డీఆర్ఎఫ్ తీసుకెళ్లిన జూలీ, రోమియో అనే కుక్కలు నుర్దగిలో శిథిలాల కింద ఆరేళ్ల పాపని పట్టించాయి. ఇక్కడి వాతావరణం నుంచి గడ్డకట్టే చలిలోకి వెళ్లి చేసిన పని అది. 2025లో నాగర్‌కర్నూల్ జిల్లా ఎస్ఎల్‌బీసీ సొరంగంలో చిక్కుకున్నవాళ్ల కోసం కేరళ పోలీసు కుక్కల్ని రప్పించారు. ఇలాంటి ప్రయాణాల్లో మొదట దెబ్బతినేది కుక్క పొట్ట. టెన్షన్, కొత్త నీళ్లు, అక్కడివాళ్లు ప్రేమగా పెట్టే తిండి కలిసి విరేచనాలు పట్టుకుంటాయి. మూడు రోజుల తిండి పూటకొక కవరు చొప్పున తూచి కట్టుకుని వెళ్లండి, తొలి రెండు రోజులకి నీళ్లు కూడా. చలి ప్రదేశమైతే కవర్లలో పావు వంతు ఎక్కువ వేసుకోండి. ఇతరులెవరూ ఏమీ పెట్టకూడదని గట్టిగా చెప్పండి, వినకపోతే మెడపట్టీకి చీటీ కట్టండి. మెత్తగా వెళ్తే ఒకటి రెండు చెంచాల ఉడికిన గుమ్మడికాయ కలపండి, నీళ్లలా వెళ్లినా, రక్తం కనిపించినా, కుక్క నీరసపడినా పని ఆపి డాక్టరు.

పని మానేశాక

రిటైరైన జాగిలాన్ని ఇంటికి తెచ్చుకునేవాళ్లు మొదటి నెలల్లోనే దాన్ని లావు చేసేస్తారు. పని ఆగిన రోజే లెక్క 1.6 రెట్లకి, కొన్నిటికి 1.4కి దిగాలి. ప్రోటీన్ తగ్గించకండి, కొవ్వు, అన్నం తగ్గించండి, ముసలి కుక్కకి కండ ఇంకా త్వరగా కరుగుతుంది. 2002లో వెలువడిన ఒక సుదీర్ఘ అధ్యయనంలో 48 లాబ్రడార్లని పిల్లలుగా ఉన్నప్పటి నుంచి జంటలుగా విడదీసి, ఒకదానికి పెట్టిన దానికంటే 25 శాతం తక్కువ రెండో దానికి పెట్టారు. తక్కువ తిన్నవి సగటున 1.8 ఏళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల నొప్పులు కూడా వాటికి ఆలస్యంగా వచ్చాయి.

నడక ఆపకండి, ముక్కలు చేసి రోజుకి మూడు నాలుగుసార్లు చిన్నగా తిప్పండి. టైల్స్ మీద జారకుండా దాని దారిలో గోనె పట్టాలు పరవండి. వాసన పట్టే కుక్క అయితే దాని తిండిలో కొంత గదిలో అక్కడక్కడా దాచి వెతకమనండి, పూట గిన్నెలోంచి తూచి తీసిన గింజలే, అదనంగా కాదు.